చారు జుర్రిన ఆదివారం

తొంభైల చివర్లో నేను తిరుపతిలో ఒక జిరాక్సు షాపులో పనిచేసేవాణ్ణి. బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ తరువాతదంతా లైబ్రరీలో నాకు నేనుగా నేర్చుకున్నదే. మా నాయనకు మాత్రం అది పనిలేని పని. "ఆడ కూసుంటే ఏమొస్తాదిరా, ఫ్యాను గాలి తప్ప?" అనేవాడు.

సంస్కృతం చదవడానికి వచ్చిన ఒక జపాను అమ్మాయి మా షాపుకు నోట్సు తెచ్చేది. ఒకరోజు వచ్చీరాని ఇంగ్లీషులో ఆమెను ఆదివారం భోజనానికి పిలిచేశాను. ఇంట్లో చెబితే నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆ పాప సరిగ్గా తినకుండా లేసిందనుకో, సోమవారం నుంచి సాయంత్రాలు చేన్లోకి రావల్ల. లైబ్రరీ గిబ్రరీ లేదు."

నాకేం భయం? జపాను మీద లైబ్రరీలో ఉన్న ఒకే ఒక పుస్తకాన్ని అప్పటికే రెండుసార్లు చదివాను. వాళ్లు నూడుల్స్‌ను చప్పుడు చేస్తూ జుర్రుకుంటారనీ, వండినవాళ్లకు అదే మెప్పనీ అందులో ఉంది. మా ఇంట్లో జుర్రితే వీపు మోగేది. అందుకే అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను: ఆమె జుర్రుతుంది, ఎవరూ నవ్వకూడదు, ఆమెకు మొహమాటం లేకుండా మనమూ జుర్రాలి.

"నేనా? జుర్రల్లా?" అన్నాడు నాయన.

"ఇంటికొచ్చిన మనిషి కోసం నాయనా."

"సరే, కానీ."

ఆమె వచ్చింది. విస్తరి ముందు చక్కగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పప్పన్నం దాకా అంతా సవ్యంగా సాగింది. చారు వడ్డించగానే నేను కన్ను గీటాను. అవ్వ మొదలుపెట్టింది. చెల్లెలు అందుకుంది. నాయనైతే చేతిలో చారు పోయించుకుని, జన్మలో తీరని ముచ్చటేదో తీర్చుకుంటున్నట్టు వీధి చివరిదాకా వినబడేలా జుర్రాడు. అమ్మ నవ్వాపుకోలేక గరిటెతో సహా గోడవైపు తిరిగింది.

ఆ అమ్మాయి మాత్రం పెదవి చప్పుడు కూడా రానివ్వకుండా మూడు ముద్దలు తిని ఆగిపోయింది. నాయన నావైపు చూశాడు.

"ఇక్కడ ఇలాగే తినాలా?" అని ఆమె మెల్లగా ఇంగ్లీషులో అడిగింది. భారతదేశంలో జుర్రడం తప్పని తను చదివిన పుస్తకంలో ఉందట. వారంరోజులుగా హాస్టల్లో చప్పుడు లేకుండా తినడం సాధన చేసి మరీ వచ్చిందట. ఇప్పుడు ఏం చేయాలో తెలియక చెయ్యి ఆడటం లేదట.

అదంతా నేను తెలుగులో చెప్పేసరికి అవ్వకు పొలమారింది. అమ్మ కూలబడి నవ్వింది. మా పాఠం సంగతి ఆమెకు చెప్పాను. ఎడమచేత్తో మొహం దాచుకుని, నవ్వి నవ్వి మా చెల్లెలి మీదికి ఒరిగిపోయింది.

"ఇద్దురూ పుస్తకాలు సదివి ఆకలితో సచ్చేటట్టుండారే!" అన్నాడు నాయన. "సేయి పట్టు పాపా. ఇట్ట."

అమ్మ పోసింది. ఆమె జుర్రిన చప్పుడుకు నాయన కూడా ఓడిపోయాడు. మూడుసార్లు పోయించుకుంది.

ఆమెను బస్సెక్కించి వచ్చేసరికి నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ పాప సదివిన పుస్తకం మన లైబ్రరీలో ఉంటాదా?"

"అది జపాను భాషలో ఉంటుంది నాయనా."

"అయితే పోయి ఆ భాష నేర్సుకో. మన గురించి ఇంకా ఏమేమి రాసిపెట్టినారో తెలియల్ల గదా!"