చేపలు దొరికినవాళ్ల ఉపవాసం

ఖతార్‌లోని దోహా వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట: జూన్‌లో వెళ్లకండి. నేను వెళ్లింది అక్కడి తెలుగు ప్రార్థన సంఘం పిలుపు మీద. ఐదువందల ఏళ్ల కిందట యూరప్ పండితులు పాత గ్రీకు ప్రతులు వెతికి చదివి, చర్చి సంస్కరణకు ఎలా దారి వేశారో చెప్పాలి. కాలేజీలో ఆ పాఠం చెప్పీ చెప్పీ రిటైరైనవాణ్ణి, పిలవగానే ఎగిరి గంతేశాను.

గురువారం ఉదయం హైదరాబాద్‌లో విమానం ఎక్కాను. పక్క సీట్లో అక్కడ ఒక అరబ్బు ఇంట్లో కారు నడిపే కడప జిల్లా మనిషి. "స్టేడియాలు కడతాండారు సార్, ఊరంతా దుమ్మే," అన్నాడు. మధ్యాహ్నం దిగి, టాక్సీకి ఇరవై అయిదు రియాళ్లు ఇచ్చి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో బసకు చేరాను. గేటు దాటేలోపే కళ్లజోడు ఫ్రేమ్ చెంపకు చురుక్కుమంది.

శుక్రవారం తొమ్మిదికి అల్ మన్సూరాలో ఒక ఫ్లాట్ హాల్లో కూటం. ముందు ఆఫీసు కుటుంబాలు, వెనక లేబర్ క్యాంపుల నుంచి బస్సులో వచ్చిన సైటు కూలీలు. సంఘం నడిపే అయ్యగారు మా కోస్తావారే, మర్యాదస్తులు. "రేపట్నుంచి మూడు వారాల ఉపవాసమండీ. పగలు మంచినీళ్లు కూడా ముట్టం. దేవుని ఆజ్ఞ," అన్నారు. ఆయన డ్యూటీ ఏసీ గదిలో.

నాకు ఒళ్లు మండింది. పాఠంలో ఒక పండితుడి దగ్గర కావాలనే ఎక్కువసేపు ఆగాను. చర్చి మాంసం మానమన్న రోజుల్లో ఉన్నవాళ్లు మంచి చేపలు వండించుకుని ఉపవాసం అనిపించుకునేవారు. కూలివాడు నీరసంతోనే పనిచేసేవాడు. పేదవాడి మీద ఈ భారం సువార్తలో ఎక్కడుందని ఆ పండితుడు అడిగాడు. అలాంటి ప్రశ్నలే తర్వాత సంస్కర్తలకు ఆయుధాలయ్యాయి.

బిర్యానీ పొట్లాలు పంచుతుంటే జగిత్యాల వైపు సైటు కూలీ, రాజన్న అట, నా దగ్గరికి వచ్చాడు.

"సార్, నీళ్లు తాగొద్దని బైబిల్ల లేదా?"

"ఉపవాసాలున్నాయి రాజన్నా. కూలివాడు ఎండలో నీళ్లు మానాలన్న ఆజ్ఞ మాత్రం ఎక్కడా లేదు."

"నిరుడు గీ ఉపాసంలనే నా తమ్ముడు సైటు మీద పడిపోయిండు. మళ్ల లేవలే. దేవుని మాట మీద పోయిండని అమ్మకు చెప్పిన. ఆమె గదే పట్టుకొని బతుకుతున్నది. ఇప్పుడేం చెప్పాలె?"

మూలం వెతకమని చెప్పే చదువు, వెతికాక మిగిలేదాన్ని ఎలా మోయాలో నాకు నేర్పలేదు. "నువ్వు మాత్రం రేపు నీళ్లు తాగు," అని నా ఫోన్ నంబరు ఇచ్చాను. అయ్యగారి దగ్గరికి వెళ్లి ఉపవాసం ఆపమన్నాను. "సంఘంలో చీలిక పెట్టకండి మాస్టారూ," అని ఆయన మొహం తిప్పుకున్నారు.

శనివారం మధ్యాహ్నం తిరుగు విమానం. దారి పొడవునా క్రేన్లు, సగం లేచిన కట్టడాలు. పిలిచినవాళ్లు బాగానే చూసుకున్నారు, గది శుభ్రం, భోజనం రుచి. అయినా ఆ ఊళ్లో ఏదీ నా మనసుకు పట్టలేదు. రాజన్న తాగాడో లేదో అన్నదొక్కటే పీకుతోంది. విమానం ఎక్కే వరుసలో ఉండగా ఫోన్ చేశాడు.

"పొద్దుగాల తాగిన సార్, అందరి ముందట. ఇంకో నలుగురు తాగిన్రు."

"మంచిపని చేశావయ్యా," అన్నాను. గుండె మీద బరువు దిగినట్టయింది.

"తమ్ముడు పడ్డకాడ, పక్కకే నీళ్ల డ్రమ్ముండె సార్. నిండుగుండె."