మేకలు మేసిన మల్లె

పంతొమ్మిది వందల అరవైల చివర్లో, నాచారం క్వార్టర్సులో మా పక్కింటావిడని చూసి నేను కుళ్ళుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గొడవంతా మల్లె గురించి. గోదావరి కాలవ పక్కన మా పుట్టింట్లో ఉన్న పొద నుంచి రెండు అంట్లు తడిగుడ్డలో చుట్టి రైల్లో తెచ్చాను. ఒకటి నాకు, ఒకటి ఆవిడకి. ఇచ్చింది నేను. ఈ ముక్క ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో!

నాది వేపచెట్టు కింద చల్లగా పెట్టాను. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, అవి చాలక రోజూ బిందెడు మంచినీళ్ళు. కాలవ ఒడ్డున పుట్టినదాన్ని, నీళ్ళు పోస్తే ఏదైనా పండుతుందనుకున్నాను. కొమ్మలు దడి దాటి సాగాయి, ఆకులు తమలపాకులంతయ్యాయి, పువ్వు మాత్రం లేదు. ఆవిడ పడమటి గోడ వారన, మధ్యాహ్నం చెయ్యి ఆనిస్తే కాలే చోట నాటింది. అక్కడది మోకాలెత్తున, చిన్న ఆకులతో గుబురుగా పెరిగి, వేసవి రాగానే పూసింది. ఒకే పొద పిల్లలంటే ఎవరూ నమ్మరు. సాయంత్రమైతే వీధి ఆడవాళ్ళంతా ఆవిడ గుమ్మంలో చేరి మాలలు కట్టేవారు. నన్నూ పిలిచేది. తలనొప్పి అనేదాన్ని. నా చెట్టు పూసేదాకా బజారు మల్లెలు కూడా ముట్టనని పంతం పట్టాను.

మూడో ఏడు, చలి ఇంకా వదలని మాఘంలో, ఆవిడ ఉప్పల్ వెళ్ళిన పూట మా వీధిలోంచి మేకల మంద పోతోంది. నేను వెళ్ళి ఆవిడ గేటు గొళ్ళెం తీసి వచ్చాను. మిగతాది మేకలు చేశాయి. ఆవిడ వచ్చేసరికి పొదలో కట్టెలే మిగిలాయి. "అయ్యో, ఎంత పని జరిగింది అక్కా!" అని బుగ్గలు నొక్కుకున్నది నేనే. ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

ఫాల్గుణంలో ఎండలు ముదిరాయి. ఆ కట్టెలకి చిగుళ్ళొచ్చాయి, ప్రతి చిగురు చివరా మొగ్గల గుత్తి. కిందటేటికి రెట్టింపు విరగబూసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఒక సాయంత్రం ఆవిడే మూరెడు మాల పట్టుకొచ్చి, నన్ను కూర్చోబెట్టి జడలో తురుముతూ అంది:

"గేటు నువ్వే తీసినవ్ చెల్లె. ఎదురింటామె సూసి జెప్పింది. మస్తు కోపమొచ్చింది నాకు. గని మా అమ్మ గూడ ఏటా మాఘంల ఆకు దూసి, నీళ్లు బంద్ జేసేది. మల్లె చలికి పండుకొని ఎండకు లేస్తది. నేనే మర్సిపోయిన. నీ మేకలు యాది జేసినయ్."

క్షమించమనాల్సింది పోయి, "మరి నాదెందుకు పూయదు?" అన్నాను.

"నీడల వెట్టి దినాం నీళ్లు వోస్తే దానికేం ఫికర్? తిని పండుకుంటది."

ఆవిడ వెళ్ళాక మాల లాగి విసిరేద్దామని చెయ్యి పెట్టాను. తీయలేకపోయాను. మూడేళ్ళ తర్వాత నా జడలోకి వచ్చిన పువ్వులు, అవీ నా పుట్టింటివే.