మగ్గాలన్నీ ఆగిన పూట

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు, నేను ఏడో తరగతి చదివే రోజులు. (నిన్ననే ఆదోని కాలేజీలో డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ! ఈ మాట ముందే చెప్పకపోతే నాకు తోచదు.) మా ఎమ్మిగనూరు బడి గోడకు అవతలే నేతగాళ్ళ వీధి. లెక్కల సారు బోర్డు మీద భిన్నాలు వేస్తుంటే నా చెవి మా నాయన మగ్గం దగ్గర ఉండేది. ఆ చప్పుడు ఆగిందంటే దారం చుట్టిన కండె అయిపోయినట్టే. కండెలు చుట్టేది నేను కాబట్టి కాళ్ళు నిలిచేవి కావు. "సార్, ఒంటికి" అని ఒకటే పరుగు. (సారు మొదట్లో జాలిపడి నీళ్ళు తక్కువ తాగమన్నాడు.) అసలు సంగతి తెలిశాక మాత్రం, "ఇంగోసారి లేసినావంటే గురుకులం పరీక్షకు నీ పేరు పంపేది లేదు, సూడు" అన్నాడు. గురుకులంలో సీటు వస్తేనే పైచదువు, లేకపోతే ఇక కండెలే. బెంచీని రెండు చేతులా పట్టుకుని కూర్చునేదాన్ని.

క్లాసులో అందరం నేతగాళ్ళ పిల్లలమే. మా అవస్థ చూడలేక సారే ఒకరోజు వీధిలోకి పోయి, "పిల్లోళ్ళకు లెక్కల పరీక్ష పెడతాండా, ఒక గంట మగ్గాలు ఆపండప్పా" అని బతిమాలుకున్నాడు. మాకు చెప్పలేదు. మొదటి లెక్క మొదలుపెట్టామో లేదో, మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మా వీధిలో అలా ఆగేది ఎవరైనా చనిపోయినప్పుడే. సారుది కౌతాళం వైపు సేద్యగాళ్ళ ఇల్లు, ఆయనకేం తెలుసు! వెనక బెంచీలో ఒకడు, "అయ్యో, మా తాతప్పా!" అన్నాడు. "మీ తాత కాదులేరా, మా పెద్దవ్వ. నిన్నట్నుంచి దగ్గుతాండాది" అని ఇంకొకడు. మా అవ్వకేమో జ్వరం. పరీక్ష, పేరు, గురుకులం అన్నీ మరిచి లేచాను. క్లాసంతా గోడ దూకింది.

ఏడుస్తూ ఇంటికి పోతే అవ్వ అరుగు మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటోంది.

"ఏమే, ఎవురు పోయినారని ఏడుస్తాండావు?"

"నువ్వే అవ్వా!"

"నేనా? నాకు సెప్పకుండానే?"

అంతలో సారు రొప్పుతూ వచ్చి నా వైపు వేలు చూపించాడు. "లేసినావు! నీ పేరు..."

"ఉండు సారూ" అంది అవ్వ. "బతికుండే మనిషి కోసం ఇంత ఏడ్సే పిల్ల నీకు యాడ దొరుకుతాది? దాని పేరు రాసుకో. మగ్గం ఆడకుంటే మా పిల్లోళ్ళకు కుదురుండదు. నువ్వే ఇంగ గట్టిగా అరుసు."

సారు నవ్వు ఆపుకోలేక అరుగు మీదే కూలబడ్డాడు. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాక, ఆ చప్పుడులోనే పరీక్ష పెట్టాడు. నా పేరు పంపాడు.

నిన్న ఫలితం చూడగానే మొదటి ఫోను ఆయనకే. "శానా సంతోషమ్మా" అని, "ఇప్పుడన్నా ఒగ సోట కూసుంటాండావా?" అన్నాడు.

"కూసుంటాండా సార్" అన్నాను, కాలేజీ గేటు దగ్గర నుంచి బస్టాండు దాకా, మళ్ళీ అక్కడి నుంచి గేటు దాకా నడుస్తూనే.