నేను తొక్కని నేల

ఆ శనివారం నేను నేల చూడలేదు. చూశానని మా బావతో చెప్పాను. నా మాట నమ్మి మర్నాడు బండెక్కిన మనిషి రెండో మలుపులో పడ్డాడు. తన తొందరవల్లే పడ్డానని తనూ అనుకున్నాడు, చూసినవాళ్ళూ అనుకున్నారు. నేను కాదనలేదు. మట్టి పందేలు జరిగే చోట్ల ఇప్పటికీ కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి ఆ సంగతి బుద్ధిమాటగా చెబుతుంటారు. "అంత సెయ్యి తిరిగినోడే తొందరపడి పడ్డాడు, నువ్వెంతరా" అని. వాళ్ళు చెబుతున్నది నిజం కాదు. అది సరిచెయ్యడానికే ఇది రాస్తున్నాను.

బావ అంటే మా అప్ప భర్త; మా వైపు అక్కని అప్ప అంటాం. జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నాకు కోటబొమ్మాళి రోడ్డు మీద చిన్న టైర్ల షాపు ఉంది. వాళ్ళిల్లూ మా ఇల్లూ ఒకే వీధిలో, చర్చి వెనక. మా వైపు వరికోతలు అయిపోయాక, ఖాళీ పొలాల్లో గట్లు చదును చేసి, కర్రలు పాతి తాడు కట్టి, మోటారుసైకిళ్ళ పందేలు పెడతారు. ప్రత్యేకంగా తయారైన బండ్లేమీ కావు. రోజూ ఆఫీసుకీ పొలానికీ తిరిగే పాత బండ్లకే లైట్లు, మడ్‌గార్డులు విప్పేసి, సైలెన్సరు ఎత్తి కట్టి దింపుతారు. అలాంటి బండి మీద బావ తోలుతుంటే చూడాలి. ఒళ్ళు కదిలినట్టు ఉండేది కాదు, బండి మాత్రం మలుపు తిరిగిపోయేది.

చూసేవాళ్ళు ఇంజను గురించే మాట్లాడతారు. మట్టిలో గెలిపించేది టైరు. అది నా పని. నాకు చాలా ఇష్టమైన పని కూడా.

టైరు ఎంచేటప్పుడు నేను మొదట గోరుతో నొక్కి చూస్తాను. గోరు గుర్తు పడి, కాసేపటికి మెల్లగా పోతే రబ్బరు బతికున్నట్టు. గుర్తే పడకపోతే ఎండలో ఎండిపోయిన సరుకు, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. తర్వాత టైరు మీద పైకి పొడుచుకొచ్చే గుబ్బల అంచులు చూస్తాను. అంచు మొద్దుబారిన గుబ్బ మట్టిని పట్టుకోదు, దాని మీద ఊరికే పాకుతుంది. కొత్త టైరైతే పైన మైనంలాంటి పొర ఒకటి ఉంటుంది, ఇటుక ముక్కతో రుద్ది దాన్ని పోగొట్టాలి. అప్పుడు నేలని బట్టి కోత. గరువు నేల, అంటే మెట్ట నేల, గట్టిగా ఉంటుంది. దానికి గుబ్బలు కాస్త పొట్టిగా కోసి, వాటి మీద అడ్డంగా సన్నని గాట్లు పెట్టాలి, గాలి కొంచెం ఎక్కువ కొట్టాలి. మెత్తని పల్లానికి గుబ్బలు పొడుగ్గా, ఎడంగా ఉండాలి, గాలి తగ్గించాలి. శృంగవరపుకోట వైపు ఇసుక కలిసిన ఎర్రగరప నేలకి ఈ రెండూ పనికిరావు, దాని లెక్క వేరు. కొయ్యడానికి అరగదీసిన హేక్సా బ్లేడు వాడతాను. పొయ్యి మీద ఎర్రగా కాల్చి పెడితే రబ్బరు వెన్నలా తెగుతుంది. ఆ వాసనకి మా ఇంట్లోవాళ్ళు నన్ను బయటికి తరిమేసేవారు. అందుకని ఆ పనంతా అప్పావాళ్ళ పెరట్లోనే.

అప్ప గుమ్మంలో కూచుని బియ్యం ఏరుతూ చూసేది.

"పెళ్ళికూతుర్ని ముస్తాబు సేసినట్టు సేస్తన్నార్రా ఆ టైరుని. పౌడరొకటే తక్కువ."

"నీకు నేను అంత ముస్తాబు సేయనేదనేటి నీ బాద?" అనేవాడు బావ.

"నీకు సేతనైతే గదా."

బావకి ఒక పట్టింపు ఉండేది. పందేనికి ముందురోజు ఎవరో ఒకరు చెప్పులు విప్పి ఆ దారంతా నడవాలి. "కంటికి పైన దుమ్మే కనపడతాది. కిందేటున్నాదో పాదానికే తెలుస్తాది" అనేవాడు. మిగతా జట్లవాళ్ళు నవ్వేవారు, మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళినట్టు వెళ్తున్నారని. మేం మాత్రం ఎప్పుడూ మానలేదు. నడిచి వచ్చాకే టైరు కొయ్యడం. మా వరస అది.

ఆ ఏడాది ఆ వరస తప్పించింది నేనే. విజయనగరంలో నాకొక ముందు టైరు దొరికింది. ఎవరో కొండల్లో తిరగడానికి కొని, వాడకుండా అమ్మేసుకున్నది. గోరు పెడితే అంత చక్కని రబ్బరు నేను అంతకుముందు చూడలేదు. శనివారం నేల చూసేదాకా ఆగలేకపోయాను. పందెం పెట్టే పొలాలు నాకు తెలిసినవే, ఎప్పుడూ గట్టిగానే ఉంటాయి. శుక్రవారమే కూచుని, గట్టి నేలకి తగ్గట్టు కోసేశాను. నా చేతుల మీదుగా అంత బాగా వచ్చిన కోత మళ్ళీ రాలేదు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

శనివారం బావకి ఫ్యాక్టరీలో లోడు వెళ్ళే రోజు. నేల చూసి రమ్మని నన్ను పంపాడు. రైల్వేగేటు దాకా వెళ్ళాను. అక్కడ టీ హోటల్లో కూచున్నాను. ఒక టీ తాగాను, తర్వాత గారెలు తిన్నాను, తెలిసినవాళ్ళెవరో వస్తే ఇంకో టీ తాగాను. పొలాలు అక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉన్నాయి. లేచి వెళ్ళలేదు. బద్ధకం కాదు. వెళ్ళాక నేల మెత్తగా ఉంటే? కోసిన రబ్బరు మళ్ళీ అతకదు. అంత మంచి టైరు పక్కన పడేసి పాతది వెయ్యాలి. చూడకపోతే ఆ బెంగ ఉండదు కదా అనుకున్నాను. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదేమో, కానీ చేసింది అదే.

సాయంత్రం బావ వస్తూనే అడిగాడు.

"సూసేవేట్రా?"

"సూసేను బావా. పలకలాగున్నాది."

"మలుపుల కాడ?"

"అంతా ఒకలాగే ఉన్నాది."

టైరు చూపించాను. చేత్తో నిమిరి, "ఒరే, ఇది కొయ్యడం కాదురా, సెక్కడం" అన్నాడు. ఆ మెప్పు నాకు ఆ రాత్రంతా సరిపోయింది.

మర్నాడు చర్చి అయ్యాక మధ్యాహ్నం పందెం. మొదటి మలుపు బావ ఎప్పటిలాగే తిరిగాడు. రెండో మలుపులో బండి వంచగానే ముందు చక్రం పక్కకి జారిపోయింది, ఎవరో తన్నినట్టు. అందరికంటే ముందున్నాడు కాబట్టి అందరూ చూశారు. మెడ కింద ఎముక విరిగింది. ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్ళడానికి ఎక్కిస్తుంటే, నేను ఒక్క నిమిషం వెనకబడి ఆ మలుపు దగ్గరికి వెళ్ళాను. చెప్పులు విప్పి నిలబడ్డాను. పైన పొడి దుమ్ము. దాని కింద మట్టి చల్లగా, ముద్దగా ఉంది. గట్టుకి అవతల పొలంలో ఎవరో నువ్వులకి నీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఊట గట్టు కింద నుంచి ఇటు వచ్చింది. ముందురోజు పాదం పెట్టిన ఎవరికైనా తెలిసేది.

ఆస్పత్రిలో కట్టు కట్టాక బావ నన్ను పిలిచి అడిగాడు.

"నేల బాగానే ఉన్నాది గదరా?"

"బాగానే ఉన్నాది బావా."

"అలగైతే నాదే తొందర" అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు.

ఎముక అతుక్కుంది. ఫ్యాక్టరీకి వెళ్ళాడు. పందేలకి మాత్రం తోలడానికి రాలేదు, చూడడానికి వచ్చేవాడు. ఫ్లాస్కుతో టీ తెచ్చి జట్టుకంతా పోసేవాడు. తన పడిపోవడం తనే నవ్విస్తూ చెప్పేవాడు, ఎవరూ అడగకపోయినా. నేను పక్కన కూచుని టైరుకి గాలి చూస్తూ నవ్వేవాణ్ణి. నిజం చెప్పాలంటే అవి సంతోషమైన రోజులే. మా కోత కోసం చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చేవారు. నా షాపు బాగా నడిచింది. ఆదివారాలు అప్ప చేతి చేపల పులుసు, బావ జోకులు. మనసులో ముల్లు ఉన్నా అన్నం లోపలికి దిగుతూనే ఉండేది.

అప్ప స్కూటీ తోలడం నేర్చుకుంది. బావ వెనక కూచునేవాడు. వీధిలో అందరికీ అదో వేడుక. "ఏటి బావా, లేడీసు సీటా?" అని నేనూ ఏడిపించేవాణ్ణి. "రాణీగారి డ్రైవింగురా, మనకేటి తెలుస్తాది" అనేవాడు. ఆయన సరదాకి అలా చేస్తున్నాడనుకున్నాను.

పోయిన చలికాలం శృంగవరపుకోట దగ్గర పందెం పెడుతూ, నలభై దాటినవాళ్ళకి విడిగా ఒక ఆట పెట్టారు. బావని తోలమని మనుషులొచ్చి అడిగారు. నవ్వుతూనే, "నా సెయ్యి నా మాట ఇనదు బాబూ, ఇంకోడి మీదకి ఎక్కిచ్చేస్తాను" అని పంపేశాడు. వాళ్ళు వెళ్ళాక అప్ప నాకు టీ ఇస్తూ నెమ్మదిగా అంది.

"మనసులో తోలాలనే ఉన్నాదిరా. బయం. నీకు తెల్దు గాని, ఆ పడ్డాక గుంట పుట్టినప్పుడు ఆస్పత్రినుంచి తేడానికి కూడా బండి తియ్యనేదు. పసిపిల్లతోటి నా సెయ్యి తొందరపడితే ఏటవుతాదీ అన్నాడు. ఆ గుంటని ఏనాడూ బండెక్కించుకుని తిప్పనేదు."

మేనకోడలు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. దాన్ని సైకిలెక్కించి తిప్పింది, బండి మీద స్కూలుకి దింపింది నేనే. ఎందుకు నేనే అని ఎప్పుడూ ఆలోచించలేదు. టీ అలాగే ఉంచేసి ఇంటికి వచ్చేశాను.

తర్వాత జరిగింది ముందు చెప్పేస్తాను. బావ శృంగవరపుకోటలో తోలాడు. ఎర్రగరపకి టైరు ఇద్దరం కూచుని ఎంచాం, కోతలో నాతో గొడవపడ్డాడు కూడా. చివరి ముగ్గురిలో ఒకడిగా వచ్చాడు. ఆయాసపడుతూ దిగి, "పొట్ట అడ్డమొచ్చీసిందిరా, నేకపోతేనా" అన్నాడు. మా ఊరు తిరిగొచ్చాక అప్పని వెనక ఎక్కించుకుని సంతకి తనే తోలాడు. అప్ప దారంతా "మెల్లిగా, మెల్లిగా" అంటూనే ఉందట.

అంతకుముందు ఒక ఆదివారం పొద్దున్న నేను వాళ్ళింటికి వెళ్ళాను. బావ చర్చికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అప్ప లోపల జడ వేసుకుంటోంది. నేను కూచోలేదు.

"బావా, ఆ శనివారం నాను నేల సూడనేదు" అన్నాను.

ఏ శనివారమని అడగలేదు. ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. టీ హోటలు, ముందే కోసేసిన టైరు, నువ్వుల చేను ఊట, అన్నీ చెప్పాను. చెప్పినంతసేపూ చొక్కా కాలరే చూస్తూ ఉన్నాడు.

"ఆస్పత్రిలో అడిగినాను గదరా."

"అప్పుడూ అబద్దమే."

"టైరు కోసీసినావని సెప్పుంటే పాతది ఏసుకుందుం గదా. నిన్ను నేనేటి అనీవోడిని?"

"ఏటీ అనవు. కానీ అంత బాగా కోసేను. అది మూల పడేసుకోలేకపోయేను."

అప్ప జడ సగంలో వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. "ఇన్నేళ్ళు ఈ మడిసిని ఎనకేసుకు తిప్పి నా నడుం పడిపోనాదిరా. ఆ ముక్క ఆయేలే సెప్పీనేకపోనావేటి?" అంది. కోపంగానే అంది. కళ్ళు తుడుచుకుంది.

"నువ్వూరుకోయే" అన్నాడు బావ. తర్వాత తన కుడిచెయ్యి ముందుకి చాపి, ఎవరి చెయ్యో చూస్తున్నట్టు చూశాడు. "అలగైతే, ఇది..." అని ఆగిపోయాడు.

"నీ సేతిలో ఏ తప్పూ నేదు బావా. ఆయేలా నేదు, ఇయ్యేలా నేదు. తప్పంతా నాది. నీ మీదకి నెట్టీసి, నీ పక్కనే కూచుని నవ్వినాను. నన్ను సెమించు."