అన్నీ ఒకటే బొమ్మ

"ఒక్కసారి తిప్పి చూడు మే. బొటనవేలితో."

"చూసినాలే. అన్నీ ఒకటే బొమ్మ. పోప్పా, బస్సు పోతాది."

నేనూ నా మొగుడూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. కర్నూలు బస్టాండు ఎదురుగా, నా బజ్జీల బండి దగ్గర, పొద్దున్నే. చూశానని చెప్పాను కానీ నేను చూడలేదు. చేతులకు శనగపిండి ఉందన్నది ఒక సాకు. బక్కెట్లో నీళ్లు కూడా ఉన్నాయి.

రాసుకో పాపా. నేను చెప్పినట్టే రాయి. పెద్దమ్మ మంచిదని నడుమ ఏమీ కలపొద్దు.

మీ పెదనాయన బోర్డులు రాసేవాడు. అంగళ్ల పేర్లు, లారీల వెనక చిలకలు, ఓర్వకల్లు దారిలో గోడల మీద సిమెంటు ప్రకటనలు. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక రెండేళ్లలో ఆయన కుంచెలు ఎండిపోయాయి. అప్పుడు, నలభై దాటిన మనిషి, కంప్యూటర్ సెంటర్లో యానిమేషన్ నేర్చుకుంటానని చేరాడు. పక్కన కూర్చునేవాళ్లంతా మీసాలు సరిగా రానివాళ్లు. ఆయన్ని అంకుల్ అని పిలిచేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఎవరైనా అడిగితే నంద్యాలలో పనికి పోయినాడని చెప్పేదాన్ని.

ఆయనకు మాత్రం సిగ్గే లేదు. ఆ రోజు విన్న పాఠం ఇంటికొచ్చి నాకు అప్పజెప్పేవాడు. ఒకనాడు మిఠాయి డబ్బా మూత గుండ్రంగా కత్తిరించి, అంచు చుట్టూ చీలికలు పెట్టి, లోపల వరసగా చిలకల్ని గీశాడు. దాన్ని పుల్లకు మేకుతో కొట్టి అద్దం ముందు తిప్పాడు. చీలికల్లోంచి చూస్తే అద్దంలో చిలక రెక్కలు ఆడిస్తోంది.

"సినిమా పుట్టకముందే ఇది ఉండె మే. మన కన్నే మిషను."

"ఆ చిలక కూడు పెడతాదా?" అన్నాను.

"పెడతాదేమో, గింజలు ఏస్తే కదా" అని నవ్వాడు.

ఇంకొక రోజు ఇంకొక కథ. "మొదట్లో గీసినోళ్లు ఒక్కో కాగితం మీద మనిషితో పాటు ఎనక గోడ గూడా మళ్లా మళ్లా గీసేటోళ్లంట. తర్వాత అవతలిది కనపడే షీట్లు వచ్చినాయి. గోడ ఒక్కసారి గీసుకుంటే సాలు." బతుకంతా గోడల మీద రాసిన మనిషి కదా, ఆ సంగతి ఆయనకు శానా ముచ్చట.

సెంటర్లో కంప్యూటరు రోజుకొక గంటే దొరికేది. ఇంట్లో తెల్లకాగితాలు నాలుగు ముక్కలు చేసి పెన్సిలుతో గీసేవాడు. కింద ఒకటి, పైన ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురులో కింది బొమ్మ చూసుకుంటూ నిలబడేవాడు. మూలన అంకెలు వేసి, బొటనవేలితో జరజరా తిప్పితే బొమ్మ కదిలేట్టు కట్టగా పేర్చేవాడు. "మొదటి బొమ్మ, కడా బొమ్మ ఎవరైనా గీస్తారు. నడిమి బొమ్మల్లోనే ఉండాది పానం" అనేవాడు. కడపలో ఒక కేబుల్ టీవీ ఆఫీసులో అంగళ్ల ప్రకటనలు కదిలేట్టు చేసే మనిషి కావాలట. ఆ కట్ట పట్టుకుపోయి చూపిస్తే పని దొరుకుతుందని ఆయన ఆశ.

ఒక పొద్దున బజ్జీలు చుట్టే కాగితాలు అయిపోయాయి. ఇంట్లో ఆ కట్ట ఉంది. ముక్కలు కూడా సరిగ్గా బజ్జీల కొలతే. అంతా ఒకే ఆడమనిషి, ఒకే బండి. చెయ్యి కిందున్నది ఒకటి, చెయ్యి పైకున్నది ఒకటి ఉంచేసి, ఒకే తీరుగా ఉన్న నడిమివి తీసుకుపోయాను. తెలివైన పనే చేశాననుకున్నాను.

ఎండెక్కేసరికి ఆయన బండి దగ్గరికి వచ్చాడు. తింటున్నవాళ్ల చేతుల్లోకి చూశాడు. చెత్త డ్రమ్ము పక్కన గొంతుక్కూచుని, నలిపి పారేసిన కాగితాలు ఏరి, చొక్కాకు తుడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటున్నాడు.

ఆగు పాపా. నీళ్లు తాగి చెప్తా.

తింటున్న ఒకాయన అడిగాడు. "ఎవరక్కా ఆ పిచ్చోడు? ఎంగిలి కాగితాలు ఏరుకుంటాండాడు."

"ఎవరోప్పా. నాకు తెల్దు" అన్నాను.

మీ పెదనాయన నాకు బారెడు దూరంలో ఉన్నాడు. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్లీ ఏరుకున్నాడు.

ఆ రోజు ఇంటికి పోవడానికి కాళ్లు రాలేదు. తిడతాడని కాదు, తిట్టడేమోనని. పోయేసరికి నూనె కాగితం ఒకటి ఇంకో బొమ్మ మీద పరిచి కూర్చున్నాడు. "చూడు మే, కిందిది ఎంత బాగా కనపడతాందో! ఇంక కిటికీ కాడ నిలబడే పని లేదు. గిన్నెలో రవ్వంత నూనె పొయ్యి" అన్నాడు. పోశాను. దొరకని బొమ్మలన్నీ నూనె కాగితాల మీద మళ్లీ గీశాడు. పదిహేను రోజులు పట్టింది. నేనన్న మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేను.

తర్వాత, మొదట చెప్పిన ఆ పొద్దున, కడప బస్సెక్కాడు. సాయంత్రం పక్కింటివాళ్ల ఫోనుకు కబురొచ్చింది. కడప బస్టాండు బెంచీ మీద గుండె నొప్పితో వాలిపోయాడట. బస్సెక్కించడానికి వచ్చిన కేబుల్ ఆఫీసు మనిషి ఒకాయన వెంట ఉండి ఆసుపత్రికి చేర్చాడు, కానీ బతకలేదు. శవంతో పాటు ఆ కట్టను కూడా ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మా అందరికీ తిప్పి చూపిచ్చినాడమ్మా. ఎవరప్పా ఈయమ్మ అంటే, మా ఇంటామె, కర్నూల్లో బజ్జీలకు పేరు, అని చెప్పినాడు. మిమ్మల్ని చూస్తానే పోల్చుకున్నా."

ఏడ్చేవాళ్లు నన్ను చూసి ఇంకా ఏడ్చారు. వాళ్లు అనుకున్నది వేరు. నేను ఏడ్చింది దేనికో ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్లు ఆ కట్ట బియ్యం డబ్బా వెనకే ఉంది. మొన్న నువ్వు నా బొటనవేలు పట్టుకుని తిప్పించావు. ఆమె పిండిలో చెయ్యి ముంచుతుంది, నూనెలో బజ్జీ వదులుతుంది, కొంగుతో నుదురు తుడుచుకుంటుంది. నూనె కాగితాల దగ్గర చెయ్యి ఇంకా లేవకముందే, లేవబోయే చెయ్యి వెనక నుంచి కనపడుతుంది. కడా బొమ్మలో తలెత్తి, ఎదురుగా నిలబడి గీసేవాణ్ణి చూస్తుంది. ఆ బొమ్మలో ఉన్న నాకు ఆయన తెలుసు.

ఇంతే. ఇప్పుడు చదివి వినిపించు. ఆ బండి కాడ నేనన్న మాట ఉన్నది ఉన్నట్టు రాశావో, పెద్దమ్మ మీద జాలిపడి మెత్తగా మార్చావో, నాకు వినాల. మొదట్నించి చదువు పాపా.