మిషిని ఎలగరుస్తన్నాది?

గజపతినగరంలో తాయారమ్మ కొట్లో కాంక్రీటు మిక్సర్లకీ, వైబ్రేటర్లకీ ఏ పార్టు కావాలన్నా దొరుకుతుంది. కానీ పేరు చెబితే ఇవ్వదు. నంబరు చెబితే అసలే ఇవ్వదు. మిషను ఎలా అరుస్తోందో నోటితో అరిచి చూపించాలి. కాంట్రాక్టరైనా, కూలీ అయినా, మనవల్నెత్తిన మేస్త్రీ అయినా కౌంటరు ముందు నిలబడి కూయాల్సిందే.

ఈ సంగతి మోహనకృష్ణకి ఎవరూ చెప్పలేదు. డిప్లొమా చదివి, సైటు సూపర్‌వైజరుగా చేరి అప్పటికి తొమ్మిది రోజులు. ఆ పొద్దున్న ఒక బడికి శ్లాబు పోస్తున్నారు. సగం పడింది. ఉన్నట్టుండి మిక్సర్లో ఇంజను తిరుగుతోంది గానీ డ్రమ్ము తిరగడం మానేసింది. ఇరవై మంది తట్టలు పట్టుకుని అతని మొహం చూస్తున్నారు. పోసింది గట్టిపడేలోగా మిగతాది పడకపోతే మధ్యలో అతుకు పడి, రేపు వానల్లో పిల్లల నెత్తిన కారుతుంది. కాంట్రాక్టరు నరసింగరావు ఫోన్లో, "ఏటి సేస్తావో నాకు తెల్దు" అని పెట్టేశాడు. మోహనకృష్ణ క్యాటలాగు తిరగేసి, పోయింది డ్రమ్మును తిప్పే పళ్ళచక్రం, పినియనే అని తేల్చేసి, నంబరు రాసుకుని బండి మీద వచ్చిపడ్డాడు.

కొట్లో ఎర్రన్న అనే పొడుగాటి మనిషి మెడ చాచి, "గుర్ర్ర్... టక్! గుర్ర్ర్... టక్!" అంటున్నాడు. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని మోహనకృష్ణ నీళ్ళ సీసా అందించబోయాడు. తాయారమ్మ మాత్రం కళ్ళు మూసుకుని కచేరీ వింటున్నట్టు వింటోంది.

"టక్కు ముందా, గుర్రు ముందా?"

"గుర్రే ముందమ్మా."

"అయితే బ్రేకు లైనరు," అని తీసిచ్చింది. ఎర్రన్న దణ్ణం పెట్టి పోయాడు.

మోహనకృష్ణ ముందుకొచ్చాడు. "పినియను కావాలండీ. ఇదిగో నంబరు."

"నంబరు జేబులో ఎట్టుకో. ఎలగరుస్తన్నాది?"

"ఎవరండీ?"

"నీ మిక్సరు."

"అది అరవడం ఏమిటండీ? పనే చెయ్యడం లేదు."

"పన్జెయ్యనోడే ఎక్కువరుస్తాడు. బేగి సెప్పు."

అతను చుట్టూ చూశాడు. వరసలో ఉన్న నలుగురిలో ఒక్కడూ నవ్వడం లేదు. పరీక్ష హాలు బయట కూర్చున్నట్టు ఎవరి కూత వాళ్ళు లోలోపల వల్లె వేసుకుంటున్నారు.

"కట కట కట," అన్నాడు మెల్లిగా.

"ఖాళీ డ్రమ్ముకా, మాలేసినాకా?"

"మాలు వేశాక... కాదండీ, అప్పుడు కీ...చ్ అంది."

"మరి కట కట ఏటి?"

"పినియను పోతే అలా అంటుందని చదివాను."

"సదివింది ఒగ్గీ. ఇన్నది సెప్పు. ఇంకోపాలి."

"కీ...చ్!"

"కుక్కపిల్ల తోక తొక్కినట్టా, పాత తలుపు తీసినట్టా?"

"కుక్కపిల్లే!" అన్నాడు మోహనకృష్ణ, తనేం మాట్లాడుతున్నాడో తనకే తెలియకుండా.

"బెల్టు జారతన్నాది," అని ఆవిడ రెండు బెల్టులు కౌంటరు మీద పడేసింది.

"రెండెందుకండీ? జారేది ఒకటేమో!"

"జోడెడ్లలో ఒకటి దూడా, ఒకటి ముసిలిదీ అయితే ఏటి దున్నుతాయి? జత మార్సు. పుల్లీ మీద నూనె తుడు. నొక్కితే బొటనేలు మందం దిగాల, అంతవరకే బిగించు."

పినియను కోసం వెళ్ళినవాడు బెల్టులతో తిరిగొచ్చాడు. వేశాడు. డ్రమ్ము తిరిగింది. మధ్యాహ్నానికి శ్లాబు పూర్తయింది. అందరూ సంబరపడుతుంటే అతను ఒక్కడూ మిక్సరు పక్కన కూర్చుని, తన మూడేళ్ళ చదువుకీ కుక్కపిల్ల తోకకీ సంబంధం ఏమిటా అని బుర్ర గోక్కున్నాడు.

వారం పోయాక మళ్ళీ వెళ్ళాడు. మిక్సరు నిర్వహణకి గ్రీజు గన్నూ, ఆయిలు ఫిల్టరూ, దగ్గరుంచుకోడానికి ఇంకో జత బెల్టులూ కావాలి. ఏదీ పాడవలేదు కదా, ఈసారి అరవక్కర్లేదని ధీమా.

"ఎలగరుస్తన్నాది?"

"బాగుందండీ!"

"బాగున్నప్పుడు ఎలగరుస్తాదో తెలీనోడివి, బాగునేనప్పుడు ఏటి కనిపెడతావు? అను."

గత్యంతరం లేక, "ధుడు ధుడు ధుడు" అని మొదలెట్టాడు. ఇంతలో ఆవిడ ఫోను మోగింది. విశాఖ డీలరు. నువ్వు ఆపకు అని అతనికి సైగ చేసి, కాయితం చూడకుండా బెల్టుల సైజులూ, బేరింగుల నంబర్లూ ఓ ముప్పై గడగడా అప్పజెప్పింది. అవతలివాడు ఒకటి తప్పు రాసుకుంటే దిద్దింది కూడా.

మోహనకృష్ణకి మతిపోయింది. "నంబర్లన్నీ మీకు నోటికొచ్చు కదండీ! మరి మా చేత ఇదంతా ఎందుకు?"

ఆవిడ గుమ్మంలోకి చూస్తోంది.

పోసిన కాంక్రీటుని కుదిపి సర్దే వైబ్రేటరు నడిపే కూర్మయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. మేస్త్రీ రాసిచ్చిన చీటీని కళ్ళకి ఎదురుగా పట్టుకుని, పెదాలు కదుపుతూ, దర్జాగా చదువుకుంటూ మోహనకృష్ణ పక్కకొచ్చి నిలబడ్డాడు. మోహనకృష్ణ తొంగిచూశాడు. చీటీ తలకిందులుగా ఉంది.

"తాతా, అది..." అనబోయాడు.

"ఇంజినీరు బాబూ!" తాయారమ్మ గొంతు కొట్టంతా మోగింది. "నీ మిక్సరాగిపోనాదేటి? కానీ!"

అతను ఉలిక్కిపడి "ధుడు ధుడు" అందుకున్నాడు.

కూర్మయ్య చీటీ చాచాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. కళ్ళు మాత్రం ఆ తలకిందుల అంకెల మీద ఒక్కసారి పరిగెత్తి వచ్చాయి. "ఆ కాయితం ఎవులికి కావాల మావా? ఎలగరుస్తన్నాదో నువ్వు సెప్పు."

కూర్మయ్య కండువా సర్దుకుని, గుండెల్నిండా గాలి పీల్చి, "ఝుయ్య్య్... గర గర గర" అన్నాడు. కౌంటరు మీద నట్లు కదిలాయా అనిపించింది.

"బేరింగే! సెవి అంటే నీదే మావా," అని ఆవిడ డబ్బా తీసి ముందు పెట్టింది.

మోహనకృష్ణ డబ్బా మీది నంబరు చూశాడు. మెడ వంచి చీటీలోది చూశాడు. అదే నంబరు. తాయారమ్మ వైపు చూశాడు. ఆవిడ ఏమీ ఎరగనట్టు గ్రీజు గన్ను గుడ్డతో తుడుస్తోంది.

ఈ కొట్లో ఎవరికి చదువొచ్చో, ఎవరికి రాదో బయటపడే అవకాశమే లేదు. అందరూ ఒకేలా కూస్తారు. వారం రోజుల అయోమయంలో అతనికి అర్థమైంది ఈ ఒక్కటే. అర్థమయ్యాక "ధుడు ధుడు" రెట్టింపు చేశాడు.

కూర్మయ్య డబ్బా కండువాలో మూటకట్టుకుని పోతూపోతూ ఆగి, ఆ అరుపు కాసేపు విన్నాడు. ఆయనకి జాలేసింది. దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"సదూకున్నోలికి మొదట్లో ఇలగే ఉంటాది బాబూ. బెంగెట్టుకోకు. ఆదోరం నా కాడికి రా, నేర్పుతాను."

"అలాగే తాతా," అన్నాడు మోహనకృష్ణ.