నీలయ్య దొర మింగేసిన ‘ఒకవేళ’

ఒకే ఒక్క ‘నేయ్’ అన్నందుకు, ఆదివారం పూట మా గని మేనేజరు గారిని సగం గీసిన గడ్డంతో రోడ్డు మీద పరుగెత్తించిన ఘనుణ్ణి నేను. ఆ ‘నేయ్’ ఏ భాషదో, నా నోట్లోకి ఎలా వచ్చిందో అంతా చెబుతాను. ముందుగా ఒక మనవి. ఈ కథలో ఎక్కడైనా నా తెలివి కనిపించిందంటే అది మీ మంచితనమే తప్ప నా గొప్ప కాదు.

డెబ్బైల మొదట్లో మాట. గోదావరిఖనిలో నేను బదిలీ గుమాస్తాని. అంటే అసలు గుమాస్తా నాగా పెడితేనే నాకు డ్యూటీ. పొద్దున్నే ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి, ‘ప్రభువా, ఈరోజు ఎవరో ఒకరికి చిన్న జ్వరమైనా ఇవ్వు’ అని కోరుకోవడం క్రైస్తవుడు చేయాల్సిన పని కాదు. అయినా రోజూ అదే చేసేవాణ్ణి.

అప్పుడు వచ్చింది స్వీడన్ నుంచి ఒక మిషను. రాతికి బొక్కలు వేసే మిషను. దాన్ని బిగించి నడిపి చూపించడానికి వెంట ఒక ఇంజనీరు వచ్చాడు. పేరు నిల్స్. మావాళ్ల నోళ్లలో పడి రెండో రోజుకే నీలయ్య దొర అయ్యాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. మేనేజరు గారు నన్ను పిలిచారు.

“సామ్యేలూ, నీకు ఇంగ్లీషు బాగా వచ్చట. దొర పక్కనే ఉండి ఆయన మాట మాకూ, మా మాట ఆయనకూ చెప్పు. మిషను సజావుగా నడిస్తే నిన్ను పర్మినెంట్ చేయిస్తాను.”

పర్మినెంట్! ఇక ఎవరి జ్వరం కోసమూ ప్రార్థించనక్కర్లేదు. ఇంటికెళ్లి చెబితే అమ్మ కళ్లు తుడుచుకుని ఒకటే మాట అంది. “బిడ్డా, దొర చెప్పేది మొత్తం ఇను. నడుమల నీ తెలివి వెట్టకు.”

విన్నానా? వింటే ఈ కథ ఎందుకుంటుంది?

నీలయ్య దొర ఇంగ్లీషు వెతుక్కుంటూ అవస్థ పడుతుంటే నాకు ఒక బుద్ధి పుట్టింది. ఆయన్ని ఇంగ్లీషులోకి లాక్కురావడం కంటే నేనే స్వీడిష్‌లోకి వెళ్లిపోతే? నిజం చెప్పాలంటే పర్మినెంట్ కంటే కూడా ఆ భాష మీదే నాకు ఎక్కువ ఆశ కలిగింది. దొర సంబరపడ్డాడు. ఖాళీ సిగరెట్ డబ్బాల మీద ఒక్కో మాట రాసి, బల్ల మీద వరసగా పెట్టి పాఠం మొదలుపెట్టాడు.

ఆ భాష వింత ఏమిటంటే, వాక్యంలో క్రియది రెండో కుర్చీ. ‘నేను తాగుతాను టీ.’ బాగానే ఉంది. దానికి ముందు ‘ఇప్పుడు’ అనే డబ్బా పెట్టారనుకోండి, పాపం ‘నేను’ లేచి వెనక్కి వెళ్లాలి. ‘ఇప్పుడు తాగుతాను నేను టీ.’ క్రియ మాత్రం రెండో కుర్చీలోంచి కదలదు. మన తెలుగులో క్రియ అందరూ వచ్చాక చివర్లో వచ్చి కూర్చుంటుంది కదా, ఈ పెత్తనం చూసి నేను ముగ్ధుణ్ణయిపోయాను. డబ్బాలు అటూ ఇటూ జరుపుతూ అన్నం వేళ కూడా మరిచిపోయేవాణ్ణి.

మా ఫోర్‌మన్ పోశయ్య కాక ఒకరోజు తొంగిచూశాడు. “ఏందిరా సామేలూ, దొరతోని పత్తాలాడుతున్నవా?”

“పత్తాలు కాదు కాక, వ్యాకరణం. ఇగో, ‘ఒమ్’ అంటే ‘ఒకవేళ’ అన్నట్టు.”

“ఓం అంటున్నడా? నేను అప్పుడే అనుకున్న, దొర మనోడే అని!”

ఒమ్‌ది ఇంకా చిత్రం. ‘ఒకవేళ వాన పడితే’ అన్న గుంపంతా కలిపి ఒక్క మనిషి కింద లెక్క. అది మొదటి కుర్చీలో కూర్చుంటే, వెంటనే క్రియ వచ్చేయాలి. ‘ఒకవేళ వాన పడితే, ఉంటాను నేను ఇంట్లో.’ ఇక ప్రశ్న అడగాలంటే క్రియే లేచి మొదటి కుర్చీలోకి వస్తుంది. ‘రెంగ్నర్ దే?’ అంటే ‘వాన పడుతోందా?’ అని. క్రియ ముందుంటే ప్రశ్న! నాకు భాష మొత్తం అర్థమైపోయింది. దొర చూపుడు వేలెత్తి, “ఇంకొక పాఠం ఉంది” అన్నాడు. నేను, “అక్కర్లేదు, వచ్చేసింది” అన్నాను. ఆ రోజు నా చెంప పగలగొట్టేవాళ్లు పక్కన లేకపోయారు.

ఆదివారం పొద్దున మిషను పరీక్ష. గనికి సెలవు కాబట్టి మేనేజరు గారూ, పోశయ్య కాకతో కలిపి ఎనిమిది మంది పనివాళ్లూ దానికోసమే రావాలి. మిషను పెట్టిన షెడ్డుకి ఇంకా పైకప్పు వేయలేదు. శనివారం సాయంత్రం నీలయ్య దొర ఆకాశం వైపు చూసి నాతో అన్నాడు:

“రెంగ్నర్ దే ఇ మొరొన్, ప్రూవర్ వీ ఇంతె మషీనెన్.”

నేను డబ్బాలు లేకుండానే గబగబా విడదీసుకున్నాను. క్రియ ముందుంది, ఒమ్ ఎక్కడా లేదు. కాబట్టి ప్రశ్నే: ‘రేపు వాన పడుతుందా?’ ఇక రెండో ముక్క. ‘ఇంతె’ అంటే వాళ్ల భాషలో ‘కాదు, లేదు’ అని. ‘మనం మిషన్ను పరీక్షించడం లేదు.’ ఆ ముక్కలోనూ క్రియే ముందుందిగా, అదీ ప్రశ్నే కావాలిగా అని మీరు అడగొచ్చు. అడగండి. దొర గొంతు కిందికి దిగింది కాబట్టి అది కబురు అనుకున్నాను. నియమం నాది, మినహాయింపూ నాదే.

మొదటి ముక్కకి ఆకాశం చూసి జవాబిచ్చాను. “నేయ్!” అంటే ‘లేదు, పడదు’ అని.

దొర ముఖం వెలిగిపోయింది. “ఖాయమేనా?”

“యా, యా!”

ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపి హాయిగా వెళ్లిపోయాడు. నేను షెడ్డు అవతల నిలబడ్డ పోశయ్య కాక దగ్గరికి పరుగెత్తాను.

“కాకా, రేపు పరీక్ష లేదట!”

“నాకు గూడ ఇనచ్చింది. ‘ఇంతె’ అన్నడు గద. అంటె ఇగ ఇంతె, పని బంద్.”

రెండు భాషలు ఒక్కటై సాక్ష్యం చెబుతుంటే ఇంకా అనుమానం దేనికి? మేనేజరు గారికి కబురు చెప్పాను. ఆయన ఎనిమిది మందికీ సెలవిచ్చేశారు.

ఆదివారం ఎండ ఫెళ్లున కాసింది. చర్చి నుంచి సైకిల్ మీద వస్తూ షెడ్డు వైపు చూద్దును కదా, ఇస్త్రీ చొక్కా వేసుకుని నీలయ్య దొర మిషను పక్కన ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

“అందరూ ఏరీ?” అన్నాడు.

“పరీక్ష లేదని మీరే అన్నారుగా?” అన్నాను.

ఆయన జేబులోంచి డబ్బాలు తీసి నేల మీద పరిచాడు. ‘ఒమ్, వాన, పడితే.’ అందులోంచి ‘ఒమ్’ డబ్బా తీసి జేబులో వేసుకున్నాడు. ఖాళీ అయిన మొదటి కుర్చీలోకి క్రియను జరిపాడు. అంతే! ‘ఒకవేళ’ని మింగేసి క్రియను ముందుకి తోస్తే, చూడ్డానికి ప్రశ్న, అసలుకి షరతు. ‘రేపు వాన పడితే, పరీక్షించం మనం మిషన్ను’ అన్నాడు మహానుభావుడు. వాన పడదని పూచీ ఇచ్చింది నేను. నేను వద్దన్న ఆ ఇంకో పాఠం ఇదే.

సిగ్గుతో చావాల్సింది పోయి నేనేం చేశానో తెలుసా? “ఎంత బాగుంది! ఇంకొకటి చెప్పండి!” అన్నాను. దొర “సామ్యుయెల్!” అని అరిచి రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు నా పర్మినెంటు.

సైకిలెక్కి తొక్కాను. పోశయ్య కాక కల్లు మండువలో దొరికాడు.

“జల్ది రా కాకా, పరీక్ష ఉన్నది!”

“నువ్వే లేదంటివి గదరా!”

“దొర ‘ఒకవేళ’ మింగిండు కాకా!”

“ఏం మింగిండు?” కాక ముంత వదిలేసి లేచాడు. “మరి గిట్ల నిలవడ్డవేందిరా, దవాఖానకు తీస్కపోదాం పా!”

ఆయనకు నచ్చజెప్పి మేనేజరు గారింటికి వెళితే, ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో బయటికొచ్చారు. విషయం వినగానే అలాగే పరుగు లంకించుకున్నారు. పనివాళ్లలో ఒకడు అత్తగారింట్లో, ఇద్దరు సంతలో, ఒకడు గోదావరి ఒడ్డున గాలం పట్టుకుని కూర్చున్నాడు. అందర్నీ పోగేసేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు ఒక మబ్బు వచ్చింది. దాని వెనక దాని చుట్టాలందరూ వచ్చారు. పైకప్పు లేని షెడ్డులో, దొరేమో మిషను మీద టార్పాలిన్ కప్పుతుంటే, పది మందిమి నిలువునా తడిసిపోయాం.

సోమవారం మేనేజరు గారి గదిలో విచారణ. దొర కోపంగా లేడు. నా వైపు చూసి చిన్నగా నవ్వి, స్వీడిష్‌లోనే ఒక వాక్యం అన్నాడు:

“హాదె సామ్యుయెల్ ఇంతె వారిత్ హేర్, హాదె మషీనెన్ గొత్ ఇ గోర్.”

“ఏమంటున్నారు?” అన్నారు మేనేజరు గారు.

ఆ గదిలో స్వీడిష్ తెలిసిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఏం చెప్పినా చెల్లుతుంది. ‘కుర్రాడు మంచివాడు, పర్మినెంట్ చేయండి అంటున్నారు సార్’ అంటే కాదనేవాడు లేడు. కానీ నా బుర్ర అప్పటికే వాక్యంలోకి దూకేసింది. క్రియ ముందుంది! ఒమ్ లేదు! ప్రశ్న కాదు, షరతు! రెండో ముక్కలోనూ క్రియే ముందుంది, ఉండాల్సిందే! పైగా ఇది జరిగిపోయిన దాని మీద షరతు! సంతోషం పట్టలేక ఎగిరి గంతేసినంత పని చేసి, గట్టిగా అనువదించేశాను:

“‘సామ్యేలు ఇక్కడ లేకపోయి ఉంటే, మిషను నిన్ననే నడిచేది’ అంటున్నారు సార్!”

దొర చప్పట్లు కొట్టాడు. ఒక్క తప్పు లేదట. మేనేజరు గారు కూడా ఒప్పుకున్నారు, అందులో తప్పేమీ లేదని.

మిషను మంగళవారం నడిచింది. ఆ సమయానికి నేను ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి, ఎవరికైనా జ్వరం వచ్చిందేమోనని చూస్తున్నాను. పర్మినెంట్ కావడానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది.

కాబట్టి సభాముఖంగా, బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి వాక్యంలోనైనా క్రియ ముందుకొచ్చి నిలబడితే, అది ప్రశ్నో షరతో మూడుసార్లు అడిగి తెలుసుకుంటాను గానీ తొందరపడి ‘నేయ్’ అనను. ఆ వాక్యంలో నా పేరు కూడా ఉంటే, ఎంత బాగా అర్థమైనా సరే, చచ్చినా అనువదించను.